కరువులో పశువుల మేత: గడ్డి ఉండగానే వేయాల్సిన లెక్క

వాన మొహం చాటేసిన ఏడాది సంతలో గేదె రేటు ఎలా పడిపోతుందో అనంతపురం, పాలమూరు వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్లో అందరికీ ఒకేసారి మేత అయిపోతుంది. అందరూ ఒకేసారి సంతకు తోలుకొస్తారు. ఇక కొనేవాడు చెప్పిందే ధర. వానలు పడ్డాక మళ్లీ అలాంటి గేదెనే కొందామంటే అమ్మిన డబ్బు సరిపోదు. చాలా ఇళ్లలో పాడి పోయేది ఇలాగే.

అందుకే మేత లెక్కను సంక్రాంతి దాటగానే, వామిలో గడ్డి ఉండగానే వేసుకోవాలి. దుకాణంలో స్టాకు రాసుకున్నట్టే. పశువుకు రోజుకు తన బరువులో సుమారు రెండున్నర శాతం ఎండు మేత కావాలి. 400 కిలోల గేదెకు 10 కిలోలు. రెండు గేదెలుంటే రోజుకు 20 కిలోలు. ఒక ఇంట్లో వరిగడ్డి, జొన్న చొప్ప, వేరుశనగ కట్టె అన్నీ కలిపి 1800 కిలోలు ఉన్నాయనుకోండి. అది 90 రోజులకు వస్తుంది. ఫిబ్రవరి మొదట్లో మొదలుపెడితే ఏప్రిల్ ఆఖరుకి వామి ఖాళీ. అసలు ఎండలు అప్పుడే మొదలవుతాయి. అదే ఫిబ్రవరిలోనే, రేటు ఉండగానే, ఒట్టిపోయిన గేదెనో ముసలిదాన్నో అమ్మేస్తే మిగిలిన దానికి ఆ గడ్డి 180 రోజులు, అంటే జూలై చివరిదాకా వస్తుంది. పైగా చేతిలో డబ్బు ఉంటుంది, దాణా కొనొచ్చు.

అమ్మడం ఎవరికీ ఇష్టం ఉండదు, నిజమే. కానీ ఫిబ్రవరిలో ఏది అమ్మాలో మనం ఎంచుకుంటాం. మేలో ఆ ఎంపిక మన చేతిలో ఉండదు. మేకలు, పొట్టేళ్లు పెంచేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ఈ కొన్నేళ్లుగా బక్రీద్ సరిగ్గా వేసవిలోనే వస్తోంది. పోతులను అప్పటికి అమ్మేసి, ఈనే మేకలను మాత్రం ఉంచుకుంటే మేత బరువు తగ్గుతుంది. పండగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ వెసులుబాటు ఎల్లకాలం ఉండదు.

ఉన్న గడ్డిని పెంచుకునే పద్ధతి కూడా ఒకటుంది, యూరియా గడ్డి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. తీశాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా కలిపిన నీళ్లు మాత్రం ఏ పశువూ తాగకూడదు, ప్రాణం పోతుంది.

ఇప్పుడు బీడు సంగతి. గడ్డి మొక్క బలం వేళ్లలో ఉంటుంది, ఆ వేళ్లకు తిండి పెట్టేది ఆకు. ఆకు మొత్తం కొరికేస్తే వేరు కుంచించుకుపోతుంది, తర్వాత వాన పడినా చిగురించదు. అందుకే సగం తిననిచ్చి సగం వదిలేయాలని నిపుణులు అంటారు. బీడును మూడు, నాలుగు ముక్కలు చేసుకుని ఒకటి మేపుతున్నప్పుడు మిగతావి ఆపితే అది కుదురుతుంది. ఒక్క ఇంటివాళ్లు ఆపితే లాభం లేదు. పక్కింటి మంద వెళ్లి మేసేస్తుంది. ఊరు కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని ఇది.

ఈ కట్టడి మనకు కొత్తది కాదు. దైవప్రవక్త (స) మదీనా దగ్గర నఖీ అనే చోటును గుర్రాల మేత కోసం 'హిమా'గా, అంటే రక్షిత భూమిగా ప్రకటించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో రబదా కూడా అలా అయింది. అక్కడి కాపలాదారుకి ఆయన ఇచ్చిన ఆదేశం బుఖారీలో ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. ఉస్మాన్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అంతటి వాళ్ల మందలను మాత్రం ఆపమన్నారు. వాళ్ల పశువులు పోతే వాళ్లకు తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి పశువులు పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని ఖలీఫా గడప దగ్గరికే వస్తాడు. అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు నీళ్లు, గడ్డి ఇవ్వడం తేలిక అన్నది ఆయన లెక్క. మన ప్రభుత్వాల కరువు బడ్జెట్లు చూస్తే ఈ లెక్క ఎంత ముందుచూపుదో తెలుస్తుంది.

మన దగ్గరా ఇలాంటి భూములు ఉండేవి. తెలంగాణలో 'కంచ' అంటే మేతకు వదిలిన భూమి. కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది ఆ మాటే. 'బంచరాయి' అన్న మాటలో మన ఉర్దూ 'చరాయి' వినిపిస్తుంది. ఆంధ్ర వైపు మేత పోరంబోకు అంటారు. చాలా ఊళ్లలో ఇవి రికార్డుల్లో ఉన్నాయి, కళ్లకు కనబడవు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు వేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకు చెప్పింది. మీ ఊళ్లో ఎంత ఉందో రెవెన్యూ రికార్డులో చూసి గ్రామసభలో అడగవచ్చు.

చివరిగా, తొలకరి. వాన పడగానే మందను బీడుకు తోలాలనిపిస్తుంది, అసలు నష్టం అప్పుడే జరుగుతుంది. కొత్త చిగురు వేళ్లలో మిగిలిన బలంతో వస్తుంది, దాన్ని కొరికేస్తే మొక్కే పోతుంది. గడ్డి జానెడు ఎదిగేదాకా, సుమారు మూడు వారాలు, ఇంటి దగ్గరే ఎండు మేత వేయాలి. ముందు చెప్పిన లెక్క జూలై దాకా పోవాల్సింది ఇందుకే. గొర్రెలు ఒక్కసారిగా లేత గడ్డి మీద పడితే చిటుకు రోగం వస్తుంది, వానలకు ముందే టీకా వేయించాలి.

ఇక జొన్న. బెట్టకు వాడిన పైరు, కోశాక మళ్లీ వచ్చిన పిలకలు, నెలన్నర దాటని లేత జొన్న, వీటిలో సైనైడ్ విషం ఉంటుంది. పెద్దవాళ్లు 'నాము' అనేది దీన్నే. తిన్న కాసేపటికే పశువు ఒగరుస్తుంది, తూలి పడిపోతుంది. ఇంటి వైద్యం చేస్తూ కూర్చుంటే టైం ఉండదు. వెంటనే పశువుల డాక్టర్‌ని పిలవండి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయండి.