అరణ్యయుద్ధము - బియ్యపు లెక్క

నెల్లూరుజిల్లా మైపాడు తీరమున నిలిచి తూర్పునకు చూచినచో కనిపించునది నీలిసముద్రమే. దాని ఆవలియొడ్డు బర్మాదేశము. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. ఓడలపై మన దేశమునకు వచ్చుచుండిన బర్మాబియ్యము నిలిచిపోయెను. ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. యుద్ధమునకును అన్నమునకును గల సంబంధమును మన తీరవాసులు ఆనాడే ఎరిగిరి. రెండేండ్ల తరువాత ఆ సంబంధమే ఒక మహాసైన్యము గతిని ఎట్లు నిర్ణయించెనో చూతము.

1944 మార్చిలో జపాను సేనాని ముతగుచి రెన్యా బర్మానుండి ఇంఫాలు, కొహీమాలపై దాడికి పూనుకొనెను. చింద్వినునది దాటినది మొదలు దట్టమైన అడవులు, నిట్టనిలువు కొండలు. లారీలు పోగల బాటలు మిక్కిలి తక్కువ. కాల్బలము మూడువారముల తిండిని తానే మోసుకొని నడచెను. ఆలోగా బ్రిటిషువారి గిడ్డంగులను పట్టుకొని శత్రువు అన్నమునే తినవచ్చునని ముతగుచి తలంచెను. బరువు మోయుటకును, పిదప ఆహారమగుటకును వెంట తోలుకొనిపోయిన పశువులలో అనేకము నదిలోను, కొండదారులలోను నశించెను.

ఈ లెక్కలోని లోపమును ఇల్లు నడుపువారెవ్వరైనను గ్రహింపగలరు. కొహీమాపైకి నడచిన దళమున సుమారు 15,000 మంది కలరు. మనిషికి దినమునకు అరకిలో బియ్యమనుకొన్నను మొత్తము ఏడున్నర టన్నులు కావలెను. వెనుకనుండి కూలీలచే పంపుదమందురా? పాతికకిలోల మూటతో 20 దినములు పోయి, 20 దినములు తిరిగి వచ్చు కూలి దారిలో తానే 20 కిలోలు తినును. సైనికునకు మిగులునది ఐదుకిలోలు!

ఏప్రిల్ 4న కొహీమా ముట్టడి ఆరంభమయ్యెను. లోపలివారికి నీటికి సైతము కటకట. విమానములే ఆ నీటిని జారవిడిచెను. ఇంఫాలునకు రోడ్డు తెగిపోయినను విమానములు ఆహారమును, మందుగుండును చేరవేసెను. గిడ్డంగులు జపానువారికి చిక్కలేదు. మూడువారములు గడచెను, వానలు ముంచుకొని వచ్చెను. కొహీమాదళమునకు నాయకుడైన సాటో కోటోకు తన సైనికులకు తిండి అందుటలేదని మొరపెట్టి, మే నెలాఖరున ఆజ్ఞను ధిక్కరించి వారిని వెనుకకు మరల్చెను. అందులకాయన పదవిని కోల్పోయెను. జూన్ 22న ఇంఫాలురోడ్డు తెరచుకొనెను. జులైలో దాడి విరమింపబడెను.

దాడికి వచ్చిన సుమారు 85,000 మందిలో దాదాపు 30,000 మంది మరణించిరి. గుండ్లకంటె ఆకలియు, రోగములునే ఎక్కువమందిని బలిగొనెను. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు వీరులును ఆ అడవులలో అదే ఆకలిని అనుభవించిరి.

ఆ సైనికులకు ధైర్యము కొరవడలేదు. శత్రువులే దానిని అంగీకరించిరి. కొరవడినది అన్నము. మొలగొలుకులు పండించిన నెల్లూరుసీమవారికి గింజవిలువను వేరుగా చెప్పనక్కరలేదు. అయినను, పటముపై గీతగీసి సేనలను నడిపించువారు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇరువదిరెండవ దినమున వీరు ఏమి తిందురు?