మొక్క విద్య నేర్చిన ఈస్టు

దవనం పరిమళం తెలుగువారికి పరిచితమే. దవనం చేరిన ఆర్టెమీసియా ప్రజాతికే చెందిన మరొక మొక్కను చైనాలో పూర్వకాలం నుంచి జ్వరాలకు ఔషధంగా వాడుతున్నారు. దాని శాస్త్రీయ నామం ఆర్టెమీసియా ఆన్యువా. 1972లో తు యూయూ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఈ మొక్క నుంచి ఆర్టెమిసినిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దీని నుంచి తయారయ్యే మందులే నేడు మలేరియా చికిత్సకు ముఖ్యాధారం. ఈ కృషికిగాను ఆమె 2015లో నోబెల్ బహుమానాన్ని మరి ఇద్దరితో పంచుకున్నారు.

అయితే ఎండిన ఆకులో ఈ పదార్థం సాధారణంగా నూటికి ఒక పాలుకు మించదు. పంట తగ్గిన ఏడు మందుకు కొరత, ధరకు పెరుగుదల తప్పవు. మరి మొక్క చేసే ఈ పనిని సూక్ష్మజీవుల చేత చేయించవచ్చునా?

ప్రోటీను నిర్మాణానికి కావలసిన సూచన నేరుగా జన్యువులోనే వుంటుంది. కాని ఆర్టెమిసినిన్ ప్రోటీను కాదు. దూది ఏకడం, నూలు వడకడం, పడుగు చేయడం, నేయడం అనే పనులు వరుసగా జరిగితేనే బట్ట తయారవుతుంది. కణంలో కూడ అంతే. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎంజైము అవసరం. కనుక ఒక్క జన్యువు చాలదు; వరుస యావత్తూ కావలె.

2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జే కీస్లింగ్ బృందం ఈస్టులోని మెవలోనేట్ మార్గాన్ని ఎషెరీషియా కోలై అనే బాక్టీరియాలో ప్రవేశపెట్టింది. దానికి మొక్క ఎంజైముకు చెందిన జన్యువును జతచేసింది. బాక్టీరియా అమోర్ఫాడయీన్ అనే పూర్వపదార్థాన్ని తయారుచేసింది.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. వరుసలో ఒక ఎంజైము వెనుకబడితే, నేసేవారు లేక నూలు గుట్టపడినట్లు, మధ్యపదార్థాలు పేరుకొని కణం పెరుగుదలనే అడ్డగిస్తాయి. జన్యువులను చేర్చినంత మాత్రాన చాలదు; ఎంజైముల వేగాలను సమతూకంలో వుంచవలె.

తరువాత ఈస్టునే ఎన్నుకొని, దాని సొంత మార్గాన్ని బలపరచి, మొక్క జన్యువులను చేర్చారు. 2006లో లీటరుకు 100 మిల్లీగ్రాముల ఆర్టెమిసినిక్ ఆమ్లం లభించింది. మరికొన్ని మొక్క ఎంజైములను చేర్చగా 2013 నాటికి అది 25 గ్రాములకు పెరిగింది. ఈ ఆమ్లాన్ని రసాయనిక చర్యలతో ఆర్టెమిసినిన్‌గా మారుస్తారు.

2013లోనే సనోఫీ సంస్థ ఇటలీలో ఈ పద్ధతిపై ఉత్పత్తి ప్రారంభించింది. ఇంతలో మొక్క నుంచి తీసిన మందు ధర బాగా పడిపోయింది. పోటీకి నిలువలేక ఆ కర్మాగారం 2016లో చేతులు మారింది. ప్రయోగశాలలో గెలుపు వేరు, బజారులో నిలవడం వేరు. అయినా, ఒక జీవి విద్యను మరొక జీవికి మెట్టుమెట్టుగా నేర్పవచ్చునని ఈ ప్రయత్నం రుజువుచేసింది.