మోకాళ్లు మొరాయించకముందే...

''ఏం జెయ్యాలె వదినె, కూసుంటె లేవొస్తలేదు, లేస్తె కూసోనొస్తలేదు.''

''పొద్దుగాల జర నడువరాదు?''

''పొద్దంత ఇంట్ల పనే గద! మళ్ల నడుసుడేంది?''

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో సాయంత్రంపూట ఏ ఇంటి అరుగు దగ్గర నిలబడినా వినిపించే మాటలే ఇవి. నలభై దాటాయో లేదో మోకాళ్ల నొప్పులు, నడుంనొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ వెనకే బీపీ, షుగర్. 'వయసు మీద పడుతోంది, మామూలే' అని సరిపెట్టుకుంటాం. నిజంగా ఇందులో వయసు చేసే చేటెంత? మన అలవాట్లు చేసే చేటెంత?

అలసట వేరు... వ్యాయామం వేరు

వంట, అంట్లు, బట్టలు... రాత్రయ్యేసరికి ఒళ్లు హూనమయ్యే మాట నిజమే. కానీ వీటిలో చాలా పనులు ఒకేచోట నిలబడి చేసేవి. గుండె వేగం పెరిగేలా, ఊపిరి కాస్త బరువెక్కేలా ఏకబిగిన పది నిమిషాలు సాగేవి తక్కువ. తొడలకు, వీపుకు బలమిచ్చే పని ఇంకా తక్కువ. వయసుతోపాటు కండ ఎలాగూ తగ్గుతుంది. వాడకపోతే మరింత త్వరగా కరిగిపోతుంది. తొడ కండరాలు నీరసించాయంటే ఆ భారమంతా మోకాలి కీలు మీదే పడుతుంది.

మన అమ్మమ్మలకు ఇసుర్రాయి, రోకలి, చేదబావి ఉండేవి. మనకు మిక్సీ, గ్యాస్, మోటారు వచ్చాయి. కష్టం తగ్గింది, సంతోషమే. దాంతోపాటు ఒంటికి దొరికే కదలిక కూడా పోయింది. దాన్ని మనమే వెతికి తెచ్చుకోవాలి.

కష్టం ఒక్కటే కాపాడలేదు

అలాగని పాతకాలమంతా బంగారమేం కాదు. నల్లగొండ జిల్లాలో ఎముకలను పట్టి పీడిస్తున్న ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. మునుగోడు, మర్రిగూడ, చండూరు ప్రాంతాల్లో పొద్దస్తమానం పొలంలో రెక్కలు ముక్కలు చేసుకున్న ఆడవాళ్లలోనూ ఎందరికో నడుం వంగిపోయింది, కీళ్లు బిగుసుకుపోయాయి. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. తిండిలో కాల్షియం తక్కువైనవాళ్లను అది మరీ బాధిస్తుంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమయ్యాక శుద్ధిచేసిన నదీజలాలు నల్లాల్లోకి వచ్చాయి. మీ ఇంటికి ఆ నీళ్లొస్తుంటే తాగడానికే కాదు, వంటకూ అవే వాడండి. బోరు నీళ్లే దిక్కయితే పరీక్ష చేయించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇంకేకొద్దీ మరింత చిక్కబడుతుంది.

మీ కంచంలో ఏముంది?

పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రీ అన్నమే. ఇదీ వరస! ఒకప్పుడు పాలమూరులో జొన్నరొట్టె, గట్క, తైదల అంబలి రోజువారీ తిండి. ఇప్పుడు డాక్టరు 'షుగర్' అన్నాకగానీ జొన్నరొట్టె గుర్తు రావడం లేదు. అంతవరకూ ఆగడం దేనికి? రాత్రిపూట అన్నం బదులు రొట్టె, దానికి తోడు పప్పో, ఆకుకూరో అలవాటు చేసుకోండి.

ఆడవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, ముట్లుడిగాక 1200 అవసరమని భారత వైద్య పరిశోధన మండలి సిఫార్సు. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు త్వరగా గుల్లబారడమే ఇందుకు కారణం. వంద గ్రాముల తైదల్లో (అవే రాగులు) సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, పొట్టు తీయని నువ్వులు, మునగాకు కూడా తోడైతే లెక్క కుదురుతుంది.

కండకు మాంసకృత్తులు కావాలి. పప్పు, ఉలవలు, పల్లీలు, గుడ్డు, చేప... వీటిలో ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. జామ, ఉసిరి, నల్లగొండ బత్తాయి మరవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే మన వాటా అనుకునే అలవాటు మానండి. గుడ్లు ఇంట్లో పిల్లలకు, మగవాళ్లకే కాదు.

కుర్చీ, గోడ ఉంటే చాలు

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకతోపాటు రెండ్రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. ఇక బలానికి జిమ్ముకే వెళ్లనక్కర్లేదు.

* గట్టి కుర్చీలో కూర్చుని, చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. మొదట్లో ఐదుసార్లయినా చాలు.

* గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, ఛాతీ గోడ దగ్గరకు తెచ్చి వెనక్కి నెట్టండి. పదిసార్లు.

* కుర్చీ వెనక భాగం పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగండి. పడిపోకుండా నిలదొక్కుకోవడం అలవాటవుతుంది. అరవై అయిదు దాటినవారికి ఇలాంటివి వారానికి మూడు రోజులు అవసరం.

చీరతో నడవొచ్చా? నిక్షేపంగా. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. హవాయి చెప్పులు మాత్రం వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. 'చూసినోళ్లు నవ్వుతరు' అని సంకోచమా? పొదుపు సంఘంలో నలుగురిని కలుపుకుని బయల్దేరండి. నలుగురు కలిస్తే నవ్వేవాళ్లే తోడొస్తారు.

ఇప్పుడేం లాభం అనుకోకండి

1990లో అమెరికా పరిశోధకులు సగటున తొంభై ఏళ్ల వయసున్న బలహీనులైన వృద్ధులతో ఎనిమిది వారాలు బరువుల కసరత్తు చేయించారు. వారి కాళ్ల బలం రెట్టింపు దాటింది! 2022లో ఫిన్లాండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో మన దేశానికి చెందిన భగవానీ దేవి 94 ఏళ్ల వయసులో వంద మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచారు. మనం పతకాలు తేనక్కర్లేదు. మనవడిని ఎత్తుకోగలిగితే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కగలిగితే చాలు.

జాగ్రత్తలు

* బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

* ఫ్లోరోసిస్‌తో వెన్ను, కీళ్లు బిగుసుకున్నవారు బలవంతంగా వంగకూడదు. ఫిజియోథెరపిస్టు చెప్పినంతవరకే చేయాలి.

* కండరం కాస్త పీకితే పర్వాలేదు. కీలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

* కాల్షియం బిళ్లలు సొంతంగా కొని మింగొద్దు.

ఈసారి అరుగు మీద వదినె కనబడితే నొప్పుల ముచ్చట్లు పక్కన పెట్టండి. ''చెప్పులేసుకో వదినె, గట్ల పోయొద్దాం'' అనండి. ముచ్చట్లు నడుస్తూ కూడా చెప్పుకోవచ్చు కదా!