విద్యుత్తు మోటారు: రెండింటిలో నేది?

మోటారు కొనుట పురుషుల పని యని మన యిండ్లలో నింకను తలంచుచున్నారు. అందులో వృద్ధులను చేయిపట్టి కూర్చుండబెట్టువారును, నెల చివర కరెంటు బిల్లు చూచి నిట్టూర్చువారును స్త్రీలే. కావున హైదరాబాదులోని మా యింటికి విద్యుత్తు మోటారు కొనవలయునని తలంపు కలిగినప్పుడు మేమును అంగడికి పోయితిమి. మావారి ఉద్యోగ విరమణ ధనములో పెద్ద భాగము దీనికే పోవలసియుండెను. పొరపాటైనచో మరల దిద్దుకొనుటకు వీలులేదు.

మేము పోల్చి చూచినవి టాటావారి నెక్సాన్ ఇ.వి., ఎం.జి.వారి విండ్‌సర్. 2024 సెప్టెంబరులో పెద్ద బ్యాటరీగల నెక్సాన్ 13.99 లక్షల రూపాయలకును, విండ్‌సర్ 13.50 లక్షలకును మొదలయ్యెను. ధరలు మారుచుండును గాన కొనునాడు మరల విచారింపవలయును.

బ్యాటరీని యూనిట్లలో కొలుతురు; మన గోడమీటరు చూపు యూనిట్లే యివి. నెక్సానులో 45, విండ్‌సరులో 38. ఒకమారు నింపినచో మొదటిది 489, రెండవది 332 కిలోమీటర్లు పోవునని ప్రకటన. ఇవి పరీక్షలలోని లెక్కలు. నలుగురు కూర్చుండి, ఏ.సి. వేసికొని, రహదారిపై వడిగా పోవునప్పుడు మూడవవంతు తీసివేయుట క్షేమమని మా అభిప్రాయము. అప్పుడు మిగులునవి సుమారు 325, 220. విజయవాడ మాకు 275 కిలోమీటర్లు. నెక్సాన్ ఏకబిగిని చేరును. విండ్‌సర్ నడుమ నిలువవలయును. 2025 మే నెలలో విండ్‌సరునకు 52.9 యూనిట్ల రకమును వచ్చినది గాని దాని వెల మా సంచికి మించినది.

కొలతబద్ద పట్టగా కథ మారినది. విండ్‌సరు ముందు వెనుక చక్రముల నడుమ దూరము 2,700 మిల్లీమీటర్లు, నెక్సానులో 2,498. ఈ జానెడు తేడా వెనుక కూర్చుండువారి మోకాళ్ల యొద్ద తెలియును. సామాను గది యందు 604 లీటర్లు, ఇందు 350. మోకాళ్ల నొప్పిగల మా అత్తగారిని రెండింటను ఎక్కించి దింపి చూచితిమి. విండ్‌సరు వెనుక సీటు వాల్చగానే ఆమె కన్నులు మూసికొని, “ఇంక నన్ను లేపకుడమ్మా” అనెను. అమ్మువాడు మాత్రము మే మడిగిన ప్రతి ప్రశ్నకును మావారి మొగము చూచియే బదులు చెప్పెను!

నెక్సాన్ పక్షమున నొక గట్టిమాట కలదు. 2024 జూనులో భారత్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షయందు పెద్దల రక్షణకును పిల్లల రక్షణకును దానికి అయిదేసి నక్షత్రములు లభించెను. ఏ బండికైనను ఇట్టి ఫలితము కలదా యని అడుగక బయానా ఇయ్యరాదు.

విండ్‌సరును బ్యాటరీ అద్దె పద్ధతిని గూడ అమ్మజూపిరి. మొదట 9.99 లక్షలే; పిమ్మట కిలోమీటరునకు మూడున్నర రూపాయలు. మిగిలిన 3.51 లక్షలు ఈ అద్దెలో తీరుటకు లక్ష కిలోమీటర్లు తిరుగవలయును. నెలకు ఎనిమిదివందల కిలోమీటర్లు తిరుగు మా వంటివారికి అది పదేండ్ల మాట. లాభమే యనిపించును. కాని తిరిగినను తిరుగకున్నను నెలకింత దూరమునకు చెల్లింపవలయునను షరతున్నచో లెక్క తలక్రిందులగును. ఆ దూరము 1,500 కిలోమీటర్లని వ్రాసియున్నచో నెలకు 5,250 రూపాయలు. అయిదేండ్ల ఏడు నెలలలోనే ఆ 3.51 లక్షలు చెల్లిపోవును, అద్దె మాత్రము ఆగదు. కాగితము ఇంటికి తెచ్చుకొని తీరికగా చదువుట మంచిది.

ఇంటి తీగెలను సయితము చూపించుకొనవలయును. పదునైదు ఆంపియర్ల ప్లగ్గుతో రాత్రియంతయు నింపునప్పుడు ఒక గీజరు గంటల తరబడి వెలిగినంత భారము పడును.

విజయవాడ దారిలో సూర్యాపేట యొద్ద కాళ్లు చాపుకొనుటకు ఆగక తప్పదని, ఆ సమయమున బండియును తినవచ్చునని అత్తగారు తీర్పు చెప్పిరి. విండ్‌సరునే, బ్యాటరీతో సహా, కొనుటకు నిశ్చయించితిమి. ఎలక్ట్రీషియను మాత్రము రేపు వచ్చెదనని మూడు దినములుగా చెప్పుచున్నాడు.