ఫ్రీ మ్యూజిక్ యాప్‌తో పాట వస్తదా? ఫోన్ ఎంతవరకు ఉస్తాద్ అవుతుంది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: ఇంట్లో పిల్లగాడికో పిల్లకో గొంతు బాగుంటది. మీలాద్ జల్సాలో నాత్ చదివితే పెద్దలు మాషా అల్లాహ్ అంటారు, మామూలు సినిమా పాట అందుకున్నా పక్కింటోళ్లు ఆగి వింటారు. ఆ తర్వాత ఏంటి అన్న దగ్గరే ఆగిపోతది. హార్మోనియం కొనాలంటే వేలల్లో ఖర్చు, కీబోర్డు అయినా అంతే. అబ్బా గల్ఫ్‌లో ఉంటే నెల నెలా వచ్చే పైసలకు అప్పు, అద్దె, ఫీజులు ముందే కాచుకొని ఉంటాయి. బీడీల మీదనో మగ్గం మీదనో బతికే ఇంట్లో ఆ మాట ఎత్తడానికే పిల్లలు జంకుతారు. నేర్పేవాళ్లు దొరకడం ఇంకో కష్టం. హైదరాబాద్ రాంకోఠిలోని త్యాగరాయ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల 1952 నుంచి నడుస్తున్నది, కానీ జగిత్యాల నుంచి అది దాదాపు 200 కిలోమీటర్లు.

అందుకే పిల్లలు ఫోన్ తీస్తున్నారు. ప్లే స్టోర్‌లో పియానో అనో మ్యూజిక్ మేకర్ అనో కొడితే వందల యాప్‌లు వస్తాయి, అన్నీ ఫ్రీ అనే అంటాయి. వీటితో నిజంగా సంగీతం వస్తదా, టైం పాస్ అయిపోతదా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. కొంత వస్తది. ఏ కొంత అన్నది తెలుసుకుంటేనే లాభం.

ముందు పేర్లు చూద్దాం. బ్యాండ్‌ల్యాబ్ అనేది ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ కంప్యూటర్ బ్రౌజర్‌లోనూ నడుస్తది. గొంతు రికార్డు చేయొచ్చు, కీబోర్డు, డ్రమ్స్ వాయించొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. మూల పనులకు పైసలు అడగదు. ఆపిల్ వాళ్ల గ్యారేజ్‌బ్యాండ్ 2004లో కంప్యూటర్లకు వచ్చింది, 2017 నుంచి ఐఫోన్ ఉన్నవాళ్లందరికీ ఉచితం. ఆండ్రాయిడ్‌కు మాత్రం అది లేదు. ఆ పేరుతో ప్లే స్టోర్‌లో ఏదైనా కనిపిస్తే అది ఆపిల్‌ది కాదు. చిన్నపిల్లలకైతే గూగుల్ 2016లో పెట్టిన క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ మేలు. యాప్ దింపుకోనక్కర లేదు, లాగిన్ లేదు, యాడ్స్ లేవు. రంగు గడులు నొక్కుకుంటూ పోతే స్వరం పైకి పోవడం, కిందికి రావడం కంటికి కనిపిస్తది. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే 2000 సంవత్సరం నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ చాలు, గొంతు రికార్డు చేసి కోసి అతికించడానికి.

ఇన్ని ఉన్నా కొత్తగా నేర్చుకునేవాళ్లకు వీటిలో అసలు పనికొచ్చేవి రెండే: శ్రుతి, లయ. మిగతాది హంగు.

శ్రుతి సంగతి. బాగా పాడే పిల్లలు కూడా మొదటి లైను ఒక ఎత్తులో మొదలుపెట్టి నాలుగో లైనుకు వచ్చేసరికి ఇంకో ఎత్తులో ఉంటారు. తమకు తెలియదు, వినేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది కానీ ఏంటో చెప్పలేరు. యాప్ కీబోర్డు ఇక్కడ పనికొస్తది. ముందు పిల్లల గొంతుకు హాయిగా ఉండే 'స' ఏదో పట్టుకోవాలి. ఖవ్వాలీ, నాత్ వాళ్లు కాలీ ఏక్ అంటారు, కర్ణాటక సంగీతం వాళ్లు ఒకటిన్నర శ్రుతి అంటారు, యాప్‌లో అదే సి షార్ప్ అని ఉంటుంది. మూడూ ఒకటే మీట, మొదటి నల్ల మీట. కాలీ దో అంటే రెండున్నర శ్రుతి, డి షార్ప్. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది పిల్లలు యూట్యూబ్ పాఠం ఒక భాషలో, యాప్ ఇంకో భాషలో ఉందనుకొని వదిలేస్తారు.

'స' దొరికాక తంబూరా యాప్ ఏదైనా ఒకటి ఆ శ్రుతికి పెట్టి వదలాలి, ఇవీ ఉచితంగానే దొరుకుతాయి. దాని మీద స ఒక్కటే నిలిపి పట్టడం, తర్వాత స-ప-పై స. బోర్ కొడుతుంది, నిజమే. దాన్ని రికార్డు చేసి వింటే అప్పుడు తెలుస్తది గొంతు ఎక్కడ జారిందో. పాడేటప్పుడు మన చెవికి మన గొంతు ఒక తీరుగా వినిపిస్తది, రికార్డులో ఇంకో తీరుగా. మొదటిసారి విన్న పిల్లలు ఇది నా గొంతు కాదంటారు. రెండు వారాలకు ఎక్కడ తప్పిందో వాళ్లే చెప్తారు. ఆ చెవి తయారవడమే చదువు. ఖరీదైన వాయిద్యం ఏదీ ఇంత సుళువుగా ఇవ్వనిది, చవక ఫోన్ ఇచ్చేది ఇదే.

లయకు మెట్రోనోమ్. ప్రతి రికార్డింగ్ యాప్‌లోనూ ఉంటుంది, టిక్ టిక్ మని కొడుతుంది. బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలు అని. 60 పెడితే సెకనుకు ఒకటి. ఖవ్వాలీల్లో ఎక్కువగా వినిపించే కెహర్వా తాళానికి 8 మాత్రలు, దాద్రాకు 6, తీన్‌తాల్‌కు 16. యాప్‌లో 4/4 పెట్టి రెండు చుట్లు లెక్కిస్తే కెహర్వా ఒక ఆవర్తనం అయింది. 80 బీపీఎం మీద దెబ్బకో మాత్ర వేస్తే 8 మాత్రలు సరిగ్గా 6 సెకన్లలో పూర్తవుతాయి. దీనికి లెక్కలు రానక్కర లేదు, చప్పట్లు వేస్తే చాలు. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన సిరిసిల్ల పిల్లలకు ఆగకుండా ఒకే తీరున నడిచే దెబ్బ అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పనవసరం లేదు. ఇబ్బందల్లా వేగం పెంచాలన్న తొందర. 80 మీద తప్పులు లేకుండా వచ్చాకే 90కి పోవాలి.

చాలా ఇండ్లల్లో ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తది, వాయిద్యాలు జాయిజా కాదా అని. దీని మీద ఉలమాల్లో అభిప్రాయ భేదాలు ఉన్నాయి, ఇంటికో పద్ధతీ ఉంది. అది ఇంట్లో పెద్దలు, తాము నమ్మే ఆలిమ్ సాబ్ తేల్చుకోవాల్సిన విషయం. యాప్ సంగతి వరకు చెప్పుకోవాల్సింది ఒకటుంది: వీటిని వాయిద్యాలు లేకుండా కూడా వాడొచ్చు. ఒక ట్రాక్‌లో నాత్ పాడి, రెండో ట్రాక్‌లో అదే గొంతుతో కింది స్వరం, మూడో దాంట్లో గున్‌గునాహట్ పెట్టి కలిపితే ముగ్గురు నలుగురు కూర్చొని పాడినట్టు వస్తది. దఫ్ వరకు సరే అనే ఇండ్లల్లో దఫ్ దెబ్బ మాత్రమే కలుపుకోవచ్చు. గొంతుల మీదే నడిచే నషీద్‌లు చేసేవాళ్లు ప్రపంచమంతా ఇట్లనే ట్రాక్ మీద ట్రాక్ పేర్చుతారు.

ఇక యాప్ నేర్పలేనివి. అద్దం మీద గీసిన మీటకు పన్నెండు స్వరాలే తెలుసు. రెండు స్వరాల మధ్య గొంతు జారే మీండ్, గమకం దానికి రావు. ఇది యాప్ తప్పే కాదు, హార్మోనియంకూ ఇదే కొరత. ఆ కారణంగానే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను స్టూడియోల నుంచి వెళ్లగొట్టింది, 1971 దాకా రానీయలేదు. కాబట్టి మీట చూపించేది మైలురాళ్లను మాత్రమే, దారి గొంతే నడవాలి. ఆ నడక మనిషి దగ్గర వినే నేర్చుకోవాలి.

తలఫ్ఫుజ్ ఇంకా పెద్ద విషయం. ఖాఫ్ కాస్తా కాఫ్ అయితే, ఐన్ అలిఫ్ అయితే మెట్రోనోమ్ టిక్ టిక్ అంటూనే ఉంటుంది. ఆటోట్యూన్ అనే సౌకర్యం తప్పిన స్వరాన్ని పట్టుకొచ్చి సరైన చోట పెడుతుంది, తప్పిన అక్షరాన్ని పెట్టదు. తెలుగు మీడియంలో చదివే పిల్లలకు ఉర్దూ అక్షరం నోటికి తిరగాలంటే మద్రసాలో హాఫిజ్ సాబో, ఇంట్లో దాదీయో పక్కన కూర్చోవాలి. ఆటోట్యూన్ సంగతికొస్తే, నేర్చుకునే మొదటి ఏడాది దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. లెక్క తప్పిన పిల్లగాడికి కాలిక్యులేటర్ ఇచ్చినట్టు, జవాబు సరిగ్గానే వస్తది కానీ కూడిక రాదు.

లూపులతోనూ ఇదే చిక్కు. ముందే చేసి పెట్టిన డ్రమ్ము ముక్కలు, గిటార్ ముక్కలు నాలుగు లాగి వరుసగా పెడితే పది నిమిషాల్లో పాట లాంటిది తయారు. పిల్లలు దాన్నే అందరికీ వినిపించి నేనే చేశానంటారు. అబద్ధం కాదు, అట్లని నిజమూ కాదు. 2007లో ప్రపంచమంతా మోగిన రిహానా అంబ్రెల్లా పాటలో డ్రమ్స్ గ్యారేజ్‌బ్యాండ్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఒక లూపే. లూప్ వాడటం తప్పేమీ కాదన్నమాట. కాకపోతే ఆ పాట చేసినవాళ్లకు దాని మీద ఏం పాడాలో, ఎక్కడ ఆపాలో తెలుసు. లూప్ తీసుకున్న పిల్లలను ఆ దెబ్బనే చేత్తో బల్ల మీద వాయించి చూపించమనండి. వాయిస్తే నేర్చుకున్నట్టు.

మన వైపు సంగీతం ఎట్లా నడిచిందో చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి 1998లో సంగీత కళానిధి అయిన నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా, 2020లో పద్మశ్రీకి ఎంపికైన షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులు తరతరాలుగా నాదస్వరం వాయించే ఇండ్ల నుంచి వచ్చినవాళ్లు. హైదరాబాద్ ఖవ్వాల్‌లు వార్సీ బ్రదర్స్, పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మనవలు. వాళ్లకు ఉస్తాద్ ఇంట్లోనే ఉన్నాడు, తప్పు పాడితే పక్క గదిలోంచి కేక వచ్చేది. ఇంట్లో అట్లాంటి మనిషి లేని పిల్లలకు యాప్ శ్రుతి పెట్టె అవుతుంది, అద్దం అవుతుంది. కేక వేయదు.

సామాను విషయం ఒకటి ముందే తెలుసుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ప్రాక్టీస్ కుదరదు. వేలు నొక్కిన కాసేపటికి శబ్దం వస్తది, ఆ ఆలస్యం సెకనులో ఐదో వంతు కూడా ఉండొచ్చు. 120 బీపీఎం మీద ఒక్కో దెబ్బ అర సెకనే, అంటే దాదాపు సగం దెబ్బ వెనకబడినట్టే. పిల్లలు తమకు తాళం రాదనుకుంటారు, తప్పు ఇయర్‌బడ్స్‌ది. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ కొనండి. కొత్త ఫోన్లలో ఆ రంధ్రం లేకపోతే చార్జింగ్ పోర్టుకు పెట్టేది దొరుకుతుంది. పాడేటప్పుడు కూలర్ బంద్ చేయాలి. పరుపులు, బట్టలు ఉన్న గది అయితే గొంతు గింగురుమనదు.

ఫ్రీ అన్నదానికీ ఒక ఖాతా రాసుకోవాలి. యాడ్స్ చూడటం ఒక ఖర్చు, డేటా ఒకటి, ఫోన్‌లో జాగా ఒకటి. అన్నింటికంటే ముఖ్యం ఏడు రోజుల ఫ్రీ ట్రయల్ అని అడిగేవి. కార్డు నంబరో యూపీఐ ఆటోపేనో ఒప్పుకుంటే ఎనిమిదో రోజు నుంచి పైసలు కట్ అవుతాయి, యాప్ తీసేసినా ఆగవు, సబ్‌స్క్రిప్షన్ విడిగా రద్దు చేయాలి. పియానో యాప్ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఇవ్వొద్దు, దానికి మైక్ చాలు. బ్యాండ్‌ల్యాబ్ లాంటి వాటిలో పాటను పబ్లిక్‌గా పెడితే ఎవరైనా వింటారు, కామెంట్ చేస్తారు. పిల్లలవి, ముఖ్యంగా ఆడపిల్లలవి, ప్రైవేట్‌లోనే ఉంచాలి. ఆ సెట్టింగ్ అమ్మీయో అన్నయో ఒకసారి చూసి పెడితే సరిపోతది. మీ పాట రిలీజ్ చేస్తాం, రిజిస్ట్రేషన్ కట్టండి అని మెసేజ్ వస్తే కట్టకండి.

మరి కీబోర్డు ఎప్పుడు కొనాలి? రోజూ అరగంట చొప్పున నాలుగైదు నెలలు, ఎవరూ గుర్తు చేయకుండా కూర్చుంటే అప్పుడు ఆలోచించొచ్చు. నెలకే వదిలేస్తే ఇంటికి పోయింది ఏమీ లేదు, యాప్ పైసలు అడగలేదు కదా. ఫోన్‌తో పెద్ద పని కాదనీ అనుకోవద్దు. అమెరికాలో స్టీవ్ లేసీ అనే కుర్రాడు ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్ మీద పాటలు కట్టేవాడు, 2017లో కెండ్రిక్ లమార్ ఆల్బంలోని ప్రైడ్ అనే పాటలో అతని చేయి ఉంది. కానీ అతనికి గిటార్ వాయించడం వచ్చు, ఆ గిటార్‌నే ఫోన్‌కు తగిలించాడు. ఇంకో వైపు ఏఆర్ రహమాన్ ఇల్లు: 1976లో తండ్రి పోయాక ఆయన వాయిద్యాలను అద్దెకిచ్చి ఆ ఇల్లు గడిపింది. వాయిద్యం ఆస్తి అయిన ఇల్లు అది, ఇక్కడ ఎక్కువ ఇండ్లకు అది ఖర్చు. అందుకే ముందు యాప్, తర్వాత కొనుగోలు అన్న వరుస.

ఆలోపు వారానికి ఒక్కసారైనా తెలిసినవాళ్లకు వినిపించాలి. బ్యాండు మేళంలో వాయించే ఊరి మనిషైనా, స్కూల్లో పాడే టీచరైనా, ఆన్‌లైన్‌లో నేర్పే ఉస్తాదైనా సరే. దుబాయిలో ఉన్న అబ్బాకు పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పెట్టొద్దు, అందులో శబ్దం కుదించుకుపోతది. యాప్ నుంచి ఫైలు సేవ్ చేసి డాక్యుమెంట్‌గా పంపితే పాడింది పాడినట్టే చేరుతుంది.