ఒకసారి వేశాం కదా, మళ్ళీ ఎందుకు?

మా ఇంట్లో లియో అనే లాబ్రడార్ ఉంది. మా అక్క కూతురు కూడా అక్కడే పెరుగుతోంది. రెండేళ్ళది, మట్టి కనపడితే చాలు నోట్లో పెట్టుకుంటుంది. ఇద్దరూ ఆడేది ఒకే పెరట్లో కాబట్టి కుక్క పొట్టలో పురుగుల గురించి నేను కాస్త గట్టిగానే తెలుసుకోవాల్సి వచ్చింది. అందుకేనేమో, హాస్టల్ దగ్గర కుక్కపిల్లల్ని సాకే ఫ్రెండ్స్ అందరూ నన్నే అడుగుతారు: "ఒకసారి నట్టల మందు వేశాం కదరా, మళ్ళీ ఎందుకు?"

జవాబు ఆ పురుగు జీవితచక్రంలోనే ఉంది.

ముందు ఏలికపాముల సంగతి చూద్దాం. కుక్కల్లో ఉండే రకం పేరు టాక్సోకారా కేనిస్. తెల్లగా, ఉడికిన సేమ్యాలా ఉంటుంది. దీని లార్వాలు తల్లికుక్క కండరాల్లో నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. తల్లి కడుపుతో ఉన్నప్పుడు అవి మేలుకుని, మావి దాటి పిల్లల్లోకి వెళ్తాయి. అంటే పిల్ల పుట్టడమే పురుగుతో పుడుతుందన్నమాట. మనం ఎంత శుభ్రంగా పెంచినా ఇది ఆగదు. పొట్ట ఉబ్బి ఉంటే "భలే బొద్దుగా ఉందే" అని ముద్దు చేస్తాం. కానీ వెన్ను తడిమితే ఎముకలు తగులుతుంటాయి.

పైరాంటెల్ లాంటి మందు పేగులో ఉన్న పురుగుకి పక్షవాతం తెప్పిస్తుంది. అది పట్టు వదిలేసి మలంతో బయటకి వచ్చేస్తుంది. అయితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతున్న లార్వా జోలికి ఈ మందు పోదు. ఆ లార్వా కొన్ని రోజులకు పేగులోకి దిగి పెద్దదవుతుంది. దాన్ని పట్టుకోవడానికే మళ్ళీ డోసు. అందుకే డాక్టర్లు సాధారణంగా 2 వారాల వయసులో మొదలుపెట్టి, 8 వారాలు వచ్చేదాకా ప్రతి 2 వారాలకోసారి వేయమంటారు. తర్వాత 6 నెలల వయసు దాకా నెలకోసారి. పెద్ద కుక్కలకు మామూలుగా 3 నెలలకోసారి. పిల్లలతో పాటు తల్లికీ వేయించాలి.

ఇంకా ప్రమాదమైనవి కొంకి పురుగులు. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లే, కానీ పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతాయి. ఇవి తల్లిపాల ద్వారా కూడా వస్తాయి. పిల్ల చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, మలం తారులా నల్లగా ఉన్నా మెడికల్ షాపుకి కాదు, నేరుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆలస్యమైతే పిల్ల దక్కకపోవచ్చు.

తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. ఒంటి మీద గెంతే ఫ్లీలను కుక్క కొరికి మింగినప్పుడు ఇది వస్తుంది. దీనికి పైరాంటెల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. ఫ్లీలను వదిలించకపోతే పురుగు మళ్ళీ వస్తుంది.

ఏ పురుగో తేల్చే మల పరీక్ష మన ఫిజిక్సే. మలాన్ని చిక్కటి ఉప్పునీళ్ళలో కలుపుతారు. దాని సాంద్రత మంచినీళ్ళకు సుమారు 1.2 రెట్లు. పురుగు గుడ్లు అంతకన్నా తేలిక కాబట్టి చాలావరకు పైకి తేలతాయి. వాటిని గాజు పలక మీదకి తీసి మైక్రోస్కోపులో చూస్తారు. అయితే లోపలున్న పురుగులకు ఇంకా గుడ్లు పెట్టే వయసు రాకపోతే ఏమీ కనపడదు. కాబట్టి ఒక్క రిపోర్టులో ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండిపోవద్దు.

ఇక మన సంగతి. తాజా మలంలోని ఏలికపాము గుడ్డు వెంటనే ఎవరికీ అంటదు. మట్టిలో కనీసం రెండు వారాలైనా ఉంటేనే దానికి ఆ శక్తి వస్తుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అలాగే బతకగలదు. చిన్నపిల్లల కడుపులోకి వెళ్తే లార్వా కాలేయానికి, ఊపిరితిత్తులకి, ఒక్కోసారి కంటికి కూడా చేరుతుంది. కంట్లో చేరితే చూపు పోవచ్చు. కొంకి పురుగు లార్వాలేమో చెప్పుల్లేని కాళ్ళ చర్మంలోకి దూరి, దురదతో ఎర్రటి వంకర గీతలు తెప్పిస్తాయి. అందుకే మలాన్ని ఏ రోజుది ఆ రోజే తీసేయడాన్ని మించిన చవకైన మందు లేదు. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటే సరి.

ఇంకో జాగ్రత్త. గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను అంచనాగా కుక్కకి వేయకండి. కోలీ లాంటి జాతుల్లో కొన్నిటికి అది ప్రాణం మీదకి తెస్తుంది. ఏ మందైనా పిల్లని తూచి, ఆ బరువు డాక్టరుకి చెప్పి, మోతాదు రాయించుకున్నాకే వేయాలి.

మన బ్లాకుల దగ్గర పిల్లల్ని సాకేవాళ్ళు ఒక్క పని చేయండి. వేసిన తేదీ, వేయాల్సిన తేదీ వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి పెట్టండి. సెమిస్టర్ సెలవుల్లో ఆ తేదీ వస్తే ఎవరు వేస్తారో ముందే మాట్లాడుకోండి. మనం ఊరెళ్ళామని పురుగు ఆగదు కదా!