డిస్కులోని గట్లు

కంప్యూటరు మీట నొక్కగానే మేల్కొని, మిగిలిన పనులన్నింటినీ అజమాయిషీ చేసే ప్రోగ్రాముల సముదాయాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. మనం రాసిన ఉత్తరాన్ని దాచడం, ఫోటోను తెర మీదికి తేవడం, ప్రింటరుకు పని చెప్పడం అన్నీ దాని ద్వారానే జరుగుతాయి. ఇది కూడా కాలంతోపాటు పాతబడుతుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో విడుదల చేసిన విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల ఎన్నో ఇళ్లలో, బడులలో ఉన్న కంప్యూటర్లను 2021లో వచ్చిన విండోస్ 11కు మార్చుకోవలసి వచ్చింది.

ఈ మార్పు చాలాసార్లు సాఫీగానే సాగుతుంది. కొన్నిసార్లు మాత్రం నడిమధ్యలో ఆగి, పార్టిషను గురించిన ఒక వాక్యం తెర మీద కనిపిస్తుంది. అక్కడే చిక్కు మొదలవుతుంది. అది అర్థం కాక, కనిపించిన మీటనల్లా నొక్కేవారున్నారు. ఆ మీటలలో ఒకటి ‘డిలీట్’.

బళ్లారిలోనో, హోసూరు దగ్గరి పల్లెలోనో, బరంపురంలోనో, యానాంలోనో ఒక తెలుగు బడి ఉందనుకోండి. ఆ బడి కంప్యూటరులో ‘డి’ అనే డ్రైవు ఉంది. ఊరి ముసలమ్మలు పాడిన దంపుళ్ల పాటలను, చెప్పిన కథలను విద్యార్థులు పదేళ్లుగా రికార్డు చేసి అందులో దాచారు. వాటికి మరెక్కడా నకలు లేదు. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. ఈ యంత్రానికి కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాలి. ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ముందు పార్టిషను అంటే ఏమిటో చూడాలి.

డిస్కును ఒక పెద్ద పొలంగా భావించండి. పొలానికి గట్లు వేసి మళ్లుగా విభజిస్తాం. ఒక మడిలో వరి, ఒక మడిలో పెసర, మూలనున్న చిన్న మడిలో నారు. డిస్కులో ఇటువంటి మడినే పార్టిషను అంటారు. అయితే పొలంలో గట్టు కంటికి కనిపిస్తుంది. డిస్కులో గట్టు కనిపించదు. ఏ మడి ఎక్కడ మొదలై ఎంతవరకు సాగుతుందో తెలిపే ఒక చిన్న పట్టిక మాత్రమే ఉంటుంది. ఒకప్పుడు గ్రామంలో భూముల లెక్క కరణంగారి దస్త్రంలో ఉండేది కదా! కన్నడనాట ఆ పని శానుభోగులు చేసేవారు. డిస్కు మొదట్లో ఉండే ఆ పట్టిక అటువంటి దస్త్రమే. అందులో ఒక వరుస చెరిగిపోతే భూమి ఎక్కడికీ పోదు గాని, అది ఎవరిదో చెప్పే ఆధారం పోతుంది.

ఈ పట్టిక వయసు చిన్నదేమీ కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1983 మార్చిలో 10 మెగాబైట్ల హార్డు డిస్కుతో ఎక్స్‌టి అనే కంప్యూటరును విడుదల చేసింది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో ఈ ఏర్పాటు మొదలైంది. ‘ఎ’, ‘బి’ అక్షరాలను అప్పటికే ఫ్లాపీలకు కేటాయించారు. కాబట్టి హార్డు డిస్కుకు ‘సి’ దక్కింది. ఫ్లాపీలు పోయినా ఆ అక్షరం అలాగే నిలిచిపోయింది.

ఆనాటి పట్టికను ఎం.బి.ఆర్. పద్ధతి అంటారు. డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లలో 64 బైట్లు మాత్రమే పట్టికకు కేటాయించారు. ఒక్కొక్క వరుసకు 16 బైట్లు. అంటే నాలుగు వరుసలే! పది మెగాబైట్ల పొలానికి నాలుగు మళ్లు చాలవా అనుకుని ఉంటారు. పైగా అది 512 బైట్ల ముక్కలను 32 బిట్ల సంఖ్యతో లెక్కపెట్టేది గనుక 2 టెరాబైట్లు దాటిన చోటును చూపలేదు. తరువాత వచ్చిన జి.పి.టి. పద్ధతిలో ఈ ఇబ్బంది తీరింది. అందులో సాధారణంగా 128 వరుసలుంటాయి. అంతకంటె మెచ్చుకోదగిన సంగతి, పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా ఉంటుంది.

ఇప్పుడు మన బడి కంప్యూటరు వద్దకు వద్దాం. విండోస్‌లో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ అనే పరికరాన్ని తెరిస్తే డిస్కు ఒక అడ్డుపట్టీలా కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి చూడండి. మొదట 100 మెగాబైట్ల చిన్న ముక్క. తరువాత 60 గిగాబైట్ల ‘సి’. దాని పక్కన 500 మెగాబైట్ల రికవరీ భాగం. చివర 400 గిగాబైట్ల ‘డి’. మనకు రోజూ కనిపించేవి ‘సి’, ‘డి’ రెండే. మిగిలిన రెంటికీ అక్షరం లేదు. అందుచేత అవి ఉన్నట్లే చాలామందికి తెలియదు. చిక్కులలో సగం ఈ అక్షరం లేని మళ్లలోనే పుడతాయి.

మొదటి చిన్న ముక్కను తీసుకుందాం. కంప్యూటరు మేల్కొనేటప్పుడు మొదట చదివే ఫైళ్లు అందులో ఉంటాయి. విండోస్ 7 కాలంలో దీనికి 100 మెగాబైట్లు చాలుననుకున్నారు. కొత్త సిస్టం ఎక్కేటప్పుడు తన ఫైళ్లను కూడా అక్కడ రాయాలి. చోటు లేకపోతే ‘సిస్టం రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయాం’ అనే అర్థం వచ్చే సందేశం వస్తుంది. చూడండి, ‘సి’లో వంద గిగాబైట్లు ఖాళీగా ఉన్నా ఈ సందేశం రావచ్చు. ‘సి’లోని ఫోటోలు తుడిచివేయడం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు. కొన్ని వైరస్ నిరోధక ప్రోగ్రాములు కూడా ఈ చిన్న మడిలో తమ సామాను పెట్టి దాన్ని నింపేస్తాయి. కావలసిన ఖాళీ సుమారు 15 మెగాబైట్లే. అక్కడ వివిధ భాషల అక్షరాల కోసం ఉంచిన ఫాంట్ల సంచిని తొలగించి చోటు చేయడం మైక్రోసాఫ్ట్ చెప్పిన ఉపాయమే. అయితే ఆ పనిని ఆజ్ఞలు టైపు చేసి చేయాలి. అక్షరం తేడా వస్తే పక్క ఫైలు పోతుంది. కాబట్టి అనుభవం ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

రెండో చిక్కు ఇంకా తరచుగా ఎదురవుతుంది. ‘సి’ నిండిపోయింది, ‘డి’లో మూడు వందల గిగాబైట్లు ఖాళీగా ఉన్నాయి. ‘డి’ని తీసేసి ఆ చోటును ‘సి’కి కలిపితే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. తోచినట్టే ‘డి’ని డిలీట్ చేశారనుకోండి. పాటలు, కథలు ఉన్న మడి పట్టికలోంచి పోయింది. పోనీ ‘సి’ పెరిగిందా? లేదు. ‘సి’ని పొడిగించే మీట ఇంకా మసకగానే ఉంది, నొక్కుడుపడదు. ఎందుకంటే ‘సి’కి, ఖాళీ అయిన చోటుకు నడుమ రికవరీ మడి ఉంది. తన కుడిగట్టును ఆనుకుని ఉన్న ఖాళీ నేలను మాత్రమే ‘సి’ కలుపుకోగలదు. నడుమ పరాయి మడి ఉంటే దాన్ని దూకి అవతలి నేలను దున్నుకోలేదు.

అయితే ‘డి’ని తీయకుండా దాని ఎడమగట్టును మాత్రం కొంచెం కుడికి జరపరాదా? అది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఒక మడిలోని ఫైళ్ల చిరునామాలన్నీ ఆ మడి మొదలు నుంచి లెక్కించినవే. కుడిగట్టును లోపలికి జరిపితే చివరి కొంత భాగాన్ని సర్దితే చాలు. ఎడమగట్టు జరిగితే మొదలే మారుతుంది. కాబట్టి మడిలోని పంటనంతా పీకి కొత్త చోట నాటినట్లు ఫైళ్లనన్నింటినీ జరపాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ ఈ పని చేయదు. దీనికోసం వేరే ప్రోగ్రాములున్నాయి. వాటికి గంటల సమయం పడుతుంది. నడుమ కరెంటు పోతే సగం నారు ఇక్కడ, సగం అక్కడ!

కాబట్టి గట్ల జోలికి వెళ్లే ముందు మడిలోని చెత్తను తీయడమే మంచిది. విండోస్‌లోని ‘డిస్క్ క్లీనప్’ పాత తాత్కాలిక ఫైళ్లను తొలగిస్తుంది. ‘సి’లో పేరుకున్న సినిమాలను, ఫోటోలను ‘డి’లోకి మార్చవచ్చు. ఇరవై గిగాబైట్లకు పైగా ఖాళీ దొరికితే చాలావరకు పని నడుస్తుంది. గట్టు జరపనక్కరలేదు.

రికవరీ మడి కూడా ఒకసారి తన వంతు ఇబ్బంది పెట్టింది. కంప్యూటరు చెడిపోయినప్పుడు బాగుచేసే ఫైళ్లు అందులో ఉంటాయి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ పంపిన ఒక భద్రతా సవరణకు ఆ మడిలో 250 మెగాబైట్ల ఖాళీ కావలసి వచ్చింది. అంత చోటు లేని యంత్రాలలో సవరణ విఫలమైంది. వచ్చిన సందేశంలో చోటు చాలలేదన్న మాటే లేదు! ‘సి’ని 250 మెగాబైట్ల మేర తగ్గించి, రికవరీ మడిని తొలగించి, మరింత పెద్దదిగా మళ్లీ ఏర్పాటు చేసుకోమని ఆ సంస్థ సూచించింది. ఒక సామాన్య గృహస్థుకు ఇది అప్పగించదగిన పనేనా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. లినక్స్ వాడేవారికీ ఇటువంటిదే ఒకటుంది. బూట్ భాగాన్ని విడిగా ఉంచినచోట పాత కెర్నెళ్లు పేరుకుని కొత్తది ఎక్కదు. అక్కడ పాతవాటిని తొలగిస్తే చాలు.

మూడో చిక్కు పట్టిక పద్ధతికి చెందినది. విండోస్ 11కు యు.ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త ప్రారంభ పద్ధతి కావాలి. ఆ పద్ధతిలో విండోస్‌ను ప్రారంభించడానికి డిస్కులో జి.పి.టి. పట్టిక ఉండాలి. పాత ఎం.బి.ఆర్. డిస్కు మీద కొత్తగా ఎక్కించబోతే, ఈ డిస్కు మీద స్థాపించలేమని యంత్రం చెబుతుంది. అక్కడ చాలామంది చేసే పని, పార్టిషన్లన్నీ తుడిచి మళ్లీ మొదలుపెట్టడం. సిస్టం ఎక్కుతుంది, పాటలు పోతాయి. 2017లో విండోస్ 10తో ‘ఎంబీఆర్‌టుజీపీటీ’ అనే పరికరం వచ్చింది. అది ఫైళ్లను చెరపకుండా పట్టికను మాత్రమే మారుస్తుంది. మార్చే ముందు తనిఖీ మాత్రమే చేయమని కూడా దాన్ని అడగవచ్చు. తనిఖీలో నెగ్గాలంటే పట్టికలో మూడు వరుసలకు మించి ఉండరాదు. కొత్త బూట్ మడికి చోటు కావాలి గదా! మన బడి డిస్కులో నాలుగూ నిండి ఉన్నాయి. అందువల్ల అది తనిఖీలోనే ఆగిపోతుంది.

ఇక్కడ మాత్రం ‘డి’ని తీయడం తప్పదు. ముందుగా ‘డి’లోని వాటినన్నింటినీ బయటి డిస్కులోకి నకలు చేయాలి. ఆ బయటి డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి నాలుగైదు పాటలు నిజంగా వినిపిస్తున్నాయో లేదో చూడాలి. అప్పుడు ‘డి’ని తొలగించి, పట్టికను మార్చి, యంత్రం అమరికలలో యు.ఇ.ఎఫ్.ఐ.ని ఎంచుకోవాలి. తరువాత ‘డి’ని మళ్లీ ఏర్పరచి ఫైళ్లను వెనక్కు తెచ్చుకోవచ్చు. నొక్కేది అదే డిలీట్ మీట. కాని ఈసారి నకలు ముందుంది.

నకలు తీసేటప్పుడు తెలుగువారు మరువరాని సంగతి ఒకటుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైన పాత ఫాంట్లతో టైపు చేసిన పత్రాలు ఎన్నో బడులలో ఉన్నాయి. ఆ ఫాంట్లు ‘సి’లోని విండోస్ సంచిలో ఉంటాయి. పత్రాన్ని మాత్రమే దాచుకుని ఫాంటును వదిలేస్తే, తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫాంటు ఫైళ్లను కూడా నకలు చేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని 48 అంకెల తాళపు సంఖ్యను కాగితం మీద రాసుకుని, పని ముగిసేవరకు తాళాన్ని తాత్కాలికంగా నిలిపివేయాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఎక్కించి, తీగ తగిలించే ఉంచాలి.

ఇంత చెప్పినా ఎవరో తొందరపడి ‘డి’ని ముందే తీసేశారనుకోండి. కంగారుపడి ఆ ఖాళీ చోటులో కొత్త పార్టిషను చేయవద్దు, ఫార్మాట్ చేయవద్దు, ఏ ఫైలునూ రాయవద్దు. కంప్యూటరును ఆపివేయండి. పోయింది దస్త్రంలోని వరుస మాత్రమే. పంట ఇంకా మడిలోనే ఉంది. ఆ డిస్కును విప్పి వేరే యంత్రానికి తగిలించి, టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత ప్రోగ్రాముతో వెతికితే పాత గట్ల జాడలు కనిపిస్తాయి. అది ‘డి’ మొదలు, చివర గుర్తించి పట్టికలో తిరిగి రాయగలదు. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డు డిస్కులలో ఈ ఆశ ఎక్కువ. ఎస్.ఎస్.డి.లలో తక్కువ. ఎందుకంటే అక్కరలేదని ఆపరేటింగ్ సిస్టం చెప్పిన చోటును అవి తమంతట తామే ఖాళీ చేసుకుంటాయి. ‘డి’ మళ్లీ కనిపించిన వెంటనే చేయవలసిన పని ఆపరేటింగ్ సిస్టం ఎక్కించడం కాదు. ముసలమ్మల పాటలను ముందు వేరే డిస్కులోకి దించుకోవాలి.